గురువారపు గడి సంరక్షణము

ఒంటిచక్రపు రథమెక్కి, తొడలు లేని సారథిని ముందు కూర్చుండబెట్టుకొని, ఏడు గుఱ్ఱములను అదిలించుచు, ఆకాశము ఈ కొస నుండి ఆ కొసకు అనాదికాలముగా ఒక్కనాడైనను పడిపోక ప్రయాణము చేయుచున్న సూర్యభగవానునకు మొదట నమస్కరించి ఈ కథ చెప్పుచున్నాను. ఇందరు దేవతలుండగా ఆయనకే ఎందుకందురా? ఉన్నది ఒక్క చక్రమే అయినను పడనివాడు ఆయన. రెండు చక్రములిచ్చినను నిలువలేనివాడు మన కథానాయకుడు. కావున ఆయన దయ మనకు మిక్కిలి అవసరము.

ఆ సూర్యుని కిరణములు ఒకానొక సైకిళ్ళ కర్మాగారపు నాల్గవ అంతస్తు కిటికీల గుండ ఏటవాలుగా దూరి, టీ యంత్రము మీదను, దాని పైన గోడకు వ్రేలాడుచున్న పెద్ద టీవీ మీదను పడుచుండెను. క్రింది మూడు అంతస్తులలో చక్రములకు స్పోకులు బిగించుదురు, సీట్లు ఎక్కించుదురు, బెల్లులు మ్రోగించి చూతురు. నాల్గవ అంతస్తున మాత్రము మనుష్యులు కుర్చీలలో కూర్చుండి ఆ సైకిళ్ళను గూర్చి మాటలాడుచుందురు. అట్టి నాల్గవ అంతస్తున, కిటికీ ప్రక్క కుర్చీయందు పదునెనిమిది సంవత్సరములుగా సుప్రతిష్ఠితుడై, ప్రతి క్రొత్త సైకిలుతో పాటు పెట్టెలో వచ్చు సూచనల పుస్తకమును స్వహస్తములతో రచించువాడును, ఊడిన చెయినును ఎక్కించు ఉపాయమును పదునాలుగు బొమ్మలలో లోకమునకు బోధించినవాడును, బ్రేకు తీగ బిగువును గూర్చి మూడు పుటలు వ్రాసి మొదటి పుటలోనే పాఠకుని మెప్పించినవాడును, కార్యాలయమంతయు ‘మాన్యువల్ మాస్టారు’ అని గౌరవముతో పిలుచువాడును అగు మహానుభావుడొకడు విరాజిల్లుచుండెను. “మెల్లగా మొదలుపెట్టండి. ముందుకు చూడండి. భయపడకండి” అను అతని వాక్యములు లక్షల ప్రతులలో అచ్చయి ఇంటింటికి చేరినవి.

ఇంతటి ద్విచక్రశాస్త్రపారంగతునకు, ఇంతటి పెడలుప్రపంచప్రవక్తకు, సైకిలు తొక్కుట రాదు. రాదనగా కొంచెము వచ్చి కొంచెము రాకపోవుట కాదు, బొత్తిగా రాదు. చిన్ననాట నేర్చుకొనుటకు కుదరలేదు. యౌవనమున అడుగుటకు సిగ్గయ్యెను. ఉద్యోగములో చేరిన పిమ్మట ఇక చెప్పుటకే వీలులేకపోయెను. పుస్తకమెట్లు వ్రాసెననగా, తొక్కువారిని అడిగి, విప్పినవారిని చూచి, అన్నియు కాగితము మీద పెట్టి వ్రాసెను. ఈ సంగతి ఇల్లాలికి తెలియును. ప్రతిదినము అతనిని కార్యాలయమునకు చేర్చు బస్సు కండక్టరుకు కొంత అనుమానము. మరొక కంటికి తెలియదు.

ఇట్లు సుఖముగా కాలము గడుచుచుండగా ఒక సాయంకాలము ఎనిమిదేండ్ల కూతురు బడి సంచి ఇంకను భుజము మీదనుండగానే వచ్చి అతని ముందు నిలిచెను.

“నాన్నా, మా స్కూల్లో సైకిల్ సవారీ పెడుతున్నారు, పార్కు చుట్టూ! ఒక్కొక్కరితో ఒక పెద్దవాళ్ళు రావాలట. నువ్వు రావాలి.”

“అమ్మ వస్తుందిలే తల్లీ. అమ్మ బాగా తొక్కుతుంది.”

“అమ్మ కాదు. సైకిల్ పుస్తకం రాసింది నువ్వు కదా! అందరికీ చెప్పేశాను.”

“అందరికీనా?”

“మా టీచర్‌కి కూడా.”

వంటింటి గుమ్మములో ఇల్లాలు పెదవి కొరుకుకొని నవ్వు మ్రింగుచుండెను. మన వీరుడు ఇల్లాలి వంక చూచెను, గోడ వంక చూచెను, తన పాదముల వంక చూచెను. పిదప, “సరేలే” అనెను. మూడక్షరముల మాట. రాజ్యములు పోయిన మాటలు ఇంతకంటె పెద్దవేమియు కావు.

మరునాటి ఉదయము అద్దము ముందు నిలిచి, గడ్డమునకు నురుగు పట్టించుకొని, అతడు తన మనస్సులో ఇట్లు గర్జించెను: “ఓ పాదద్వయమా! నలువది యారు వత్సరములుగా నేలను కౌగిలించుకొని విడువని పిరికితనమా! నేటికి ఆరు గురువారములు దాటిన పిమ్మట వచ్చు ఆదివారము నాడు, బాలబాలికాసహస్రము కన్నులారా చూచుచుండగా, మీరు భూమిని త్యజించి పెడళ్ళను ఆరోహింపకతప్పదు! ఆరోహింపరేని నా కూతురు మాట పోవును. నా కూతురు మాట పోయిన పిమ్మట నాకీ మీసమెందుకు?”

“ఎవరితోనండీ మాటలు? బస్సు వెళ్ళిపోతుంది,” అని లోపలి నుండి ఇల్లాలు.

“ఎవరూ లేరే,” అనెను వీరుడు. అతనికి మీసము కూడ లేదు.

విచారింపగా విచారింపగా, పెద్దవారికి సైకిలు నేర్పు ఒక విశ్రాంత ఆటల టీచరమ్మ దొరికెను. మెడలో విజిలు, చేతిలో గొడుగు కఱ్ఱ, కంఠమున ఉరుము. ఆమె వద్ద ఖాళీగా నున్న సమయము ఒక్కటియే: గురువారము నాలుగున్నర నుండి అయిదున్నర. కార్యాలయము విడుచునది ఆరింటికి. అయినను గంటసేపు బయటికి పోయి వచ్చుటకు అక్కడ ఎవ్వరును కాదనరు. కేలెండరులో పెట్టి పోవలెను, అంతే. ఆ ‘అంతే’లోనే ఉన్నది అంతయును.

ఆ కేలెండరు మహిమను వర్ణింతును, కాస్త ఓపిక పట్టుడు. కార్యాలయములోని ప్రతి మనిషికి అందొక వరుస, ప్రతి అరగంటకు ఒక గడి. ఎవరి వరుసయైనను ఎవరైనను చూడవచ్చును. అది చాలదన్నట్లు, టీ కొఱకు వచ్చినవారికి కూడ కనబడవలెనని, పొద్దుటి నుండి సాయంకాలము వరకు గోడ మీది టీవీలో ఆ వారపు గడులన్నియు వెలుగుచుండును. నిండిన గడి నిండినవానిది. ఖాళీ గడి అందరిది. ఈ న్యాయమును పాలించునది సమావేశములు కూర్చుటకే జీతము తీసికొను ఒక విదుషీమణి. మీటింగుల మేడమ్ అందురు. దుర్మార్గురాలు కాదు సుమా, కష్టసుఖములు విచారించునట్టి మంచి మనిషియే. కాని ఖాళీ గడి కనబడినచో ఆమెకు చేయి ఊరుకొనదు. అయిదుగురి వరుసలలో ఒకే వేళ ఖాళీ దొరికెనా, ఆ గడులను ఒక్క వ్రేటున పట్టుకొని అందొక సమావేశము నాటి జెండా ఎగురవేయును.

మొదటి గురువారము మన వీరుడు మౌనమునే ఆయుధముగా ధరించెను. ఏమియు వ్రాయను, ఎవరికిని చెప్పను, నాలుగు గంటల ఇరువది నిమిషములకు పిల్లివలె జారుకొందును అని నిశ్చయించెను. నాలుగు గంటల పది నిమిషములకు ఫోను గుర్రుమనెను. అతని ఖాళీ గడిలో జెండా నిలిచి యుండెను. “కొత్త మోడల్ బెల్లు: ట్రింగ్ అనాలా, ట్రింగ్ ట్రింగ్ అనాలా? — చర్చ.” ఆ చర్చ ఆరు దాటువరకు సాగెను. ఏడు బెల్లులు ఒక్కొక్కటి ఏడుసార్లు మ్రోగెను. అచ్చట టీచరమ్మ విజిలు ఎన్నిసార్లు మ్రోగెనో ఎవరికి తెలియును! బెల్లు సంగతి మాత్రము తేలలేదు.

రెండవ గురువారమునకు అతడు కపటయుద్ధమునకు దిగెను. సోమవారమే ఆ గడిలో ‘పంటి డాక్టరు’ అని వ్రాసెను. వ్రాసి కుర్చీలో వెనుకకు వ్రాలెనో లేదో, గోడ మీది టీవీ ఆ రహస్యమును అడుగున్నర అక్షరములతో చాటెను.

అయ్యో, జనుల ప్రేమ ఎంతటి ప్రమాదకరము! టీ యంత్రము వద్ద రిసెప్షన్ అక్క అతని కప్పులో చల్లనీళ్ళు కలిపి, “వేడి తగలకూడదండీ” అనెను. మీటింగుల మేడమ్ వచ్చి, “ఏ పన్నండీ?” అనెను. వీరుడు తత్తరపడి ఎడమ బుగ్గ చూపెను. మధ్యాహ్నము బ్రేకుల ఇంజినీరు అడుగగా కుడి బుగ్గ చూపెను. “రెండు వైపులా పాకిందన్నమాట” అని ఆ ఇంజినీరు, ఎదుటివాని బాధ చూచి ఒక్క నిమిషము కుదురుగా ఉండలేని ఆ పరోపకారి, అప్పటికప్పుడు ఫోను తీసెను.

“మాస్టారూ, మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు. మా బావమరిది పంటి డాక్టరే. గురువారం నాలుగున్నరకే మాట్లాడేశాను. నా స్కూటర్ మీద నేనే తీసుకెళ్తాను.”

“ఎందుకండీ మీకు శ్రమ...”

“శ్రమేంటండీ! మీ బ్రేకుల చాప్టర్ చదివే కదా నేను ఈ ఉద్యోగంలో నిలబడ్డాను.”

ఇట్టి మాటకు ఎదురుండునా? గురువారము నాలుగున్నరకు మన వీరుడు, ద్విచక్రవాహనము మీదనే అయినను వెనుక సీటున, ఇంజినీరు నడుము పట్టుకొని, శత్రుశిబిరమునకు కొనిపోబడెను. బావమరిది ముప్పదిరెండు పళ్ళను లెక్కించి, తట్టి చూచి, “బ్రహ్మాండంగా ఉన్నాయి. అసలెందుకొచ్చారండీ?” అని అడిగెను. నోరు తెరిచియున్నవాడు జవాబు చెప్పలేడు గదా! వచ్చినవానిని ఊరక పంపుట ఎందుకని శుభ్రము చేసి పంపెను. పళ్ళు తళతళలాడుచుండగా, మోకాళ్ళకు ఒక్క గీతయైనను లేక, వీరుడు ఇల్లు చేరెను.

మూడవ గురువారమునకు ‘సొంత పని’ అని వ్రాసెను. అబద్ధము కాదు, వివరము కాదు, మర్యాదగా నున్నది అనుకొనెను. కాని ఆ కార్యాలయపు నిఘంటువులో సొంత పని యనగా జరుపదగిన పని అని అర్థము. మేడమ్ కుర్చీ లాగుకొని ప్రక్కనే కూర్చుండెను.

“సొంత పనే కదండీ! ఓ గంట అటో ఇటో జరుపుకోండి, ప్లీజ్. ఈ మీటింగ్‌కి మీరు లేకపోతే కుదరదు. మొదటిసారి సైకిలెక్కేవాళ్ళ కష్టాల మీద. మీకంటే ఎవరికి తెలుసు చెప్పండి?”

ఈ మాట వినినప్పుడు మన వీరుని ముఖమున నవ్వు వచ్చినదో ఏడుపు వచ్చినదో చెప్పుట కష్టము. సైకిలు క్లాసు మాని, సైకిలు రానివాని కష్టములను గూర్చి ఉపన్యసించుటకు లేచి నిలిచెను. నిలిచినవాడు వ్రాసికొని వచ్చిన కాగితము చూడనే లేదు.

“పడిపోతామన్న భయం కాదండీ అది,” అనెను. “దెబ్బ తగిలితే మందుంది. పడ్డప్పుడు ఎవరైనా చూస్తారేమో, అదీ భయం. చిన్నపిల్లలు అందరి ముందూ పడతారు, లేస్తారు. పెద్దవాడికి పడటానికి ఒక చోటు ఉండదు.”

మేడమ్ ఆ మాట తన పుస్తకములో వ్రాసికొని క్రింద గీత గీసెను. “అబ్బ, ఎంత అనుభవంతో చెప్పారండీ!” అని బ్రేకుల ఇంజినీరు చప్పట్లు కొట్టెను. అందరును కొట్టిరి. ఆ చప్పట్ల నడుమ అతని జేబులో ఫోను మ్రోగుచునే యుండెను. బయటికి వచ్చి ఎత్తగా టీచరమ్మ.

“మూడు వారాలు చూశాను బాబూ. వచ్చే గురువారం కూడా రాకపోతే ఆ టైము వేరేవాళ్ళకిచ్చేస్తా. నా గ్రౌండు ముందు లైను ఉంది.”

“వస్తానండీ. తప్పకుండా వస్తాను.”

“ఈ ముక్క మూడోసారి వింటున్నా.”

మిగిలినవి మూడు గురువారములు. పడుటకు ఒక చోటు దొరికినది, అక్కడికి పోవుటకు గంట దొరకకున్నది. ఆ దినము బస్సులో కిటికీకి తల ఆనించుకొని, మన వీరుడు నిజముగానే దిగులుపడెను. పాప ఆ ఉదయమే తన సైకిలుకు క్రొత్త బెల్లు పెట్టించుకొని, “నీ సైకిల్‌కీ ఇదే పెట్టిద్దాం నాన్నా” అనియుండెను.

లోకములోని మాన్యువళ్ళన్నియు చదువువాడు, గ్రైండరు పుస్తకమును కూడ విడువనివాడు, ఆ కేలెండరు పుస్తకమును మాత్రము ఎన్నడును చదువలేదు. దీపము క్రింద చీకటి యన్నట్లయ్యెను. మరుసటి బుధవారము సాయంకాలము, అయిదున్నరకు రిసెప్షన్ అక్క టీవీ ఆర్పి, రిమోటును తన సొరుగులో పెట్టి తాళము వేసికొని ఇంటికి పోయిన పిమ్మట, అతడు ఆ పుస్తకమును మొదటి పుట నుండి చదువ మొదలిడెను. పదునొకండవ పుటలో, చీమంత అక్షరములలో, నిధి కనబడెను. గడి తెరిచినచో దాని అడుగున ఒక చిన్న చతురస్రము. దాని ప్రక్క ‘ప్రైవేట్’ అను మాట. అందొక టిక్కు పెట్టినచో గడికి చిట్టి తాళపుగుర్తు పడును. గడి వ్రాసినవానికి అంతయు కనబడును. తక్కిన లోకమునకు బూడిదరంగు చాపయు, ‘బిజీ’ అను ఒక్క మాటయు.

ఆహా! వజ్రకవచము! సర్వజనదృష్టినివారకమగు మహామంత్రము! వీరుడు తన గురువారపు గడికి టిక్కు పెట్టెను. బ్రేకుల ఇంజినీరు చేతులు కడుగుకొనుటకు పోయిన సమయము చూచి అతని కంప్యూటరులోనికి తొంగి చూచెను. బూడిదరంగు. బిజీ. అంతకు మించి ఏమియు లేదు. ఇక ఎవరికిని కనబడదన్న ధీమాతో, ఆ గడిలో తన కొఱకు మనసారా ఇట్లు వ్రాసికొనెను: “సైకిల్ క్లాసు (నాకే). మోకాలి పట్టీలు మర్చిపోవద్దు. పడితే సిగ్గుపడొద్దు.” వ్రాసి, ఆ రాత్రి పాపకంటె ముందుగా నిద్రపోయెను.

గురువారము. ఉదయము ఎనిమిది గంటల ఏబది నిమిషములు. అదే సూర్యుడు, అదే ఏటవాలు వెలుగు. వీరుడు చంకన గొడుగుతో, సంచిలో మోకాలి పట్టీలతో లిఫ్టు దిగి, టీ యంత్రము వంక చూచి, అక్కడనే శిలయై నిలిచిపోయెను. గోడ మీద టీవీ వెలుగుచుండెను. అందు అతని వరుసలో, నాలుగున్నర గడిలో, ఒక్క అక్షరము కూడ దాచక, పట్టీలతో సహా, సిగ్గుతో సహా, అంతయు వెలుగుచుండెను.

ఏమి ఈ విశ్వాసఘాతుకము? చెప్పెదను. మూడేండ్ల క్రిందట ఆ టీవీ వచ్చిన దినమున దానిని కేలెండరుకు కలుపుట ఎవరికిని చేత కాలేదు. మాన్యువలు చదువు జాతి ఆ అంతస్తున ఒక్కడే కావున అతనినే పిలిచిరి. అతడు చదివి, బల్లయెక్కి, పేరును పాస్‌వర్డును అడుగగా తనవియే కొట్టి దిగెను. నాటి నుండి ఆ టీవీ అతని కన్నులతోనే లోకమును చూచుచున్నది. అతనికి కనబడునది దానికిని కనబడును. తాళము వేసినవాడు తాళపుచెవిని మూడేండ్ల ముందే గోడకు తగిలించి యుండెను.

రిమోటు చూడగా అక్క సొరుగులో, సొరుగునకు తాళము. అక్క టీవీ వేసి, నీళ్ళు పట్టుటకు లోనికి పోయినట్లున్నది. ప్లగ్గు చూడగా టీ యంత్రము వెనుక, చేయి దూరని సందులో. లిఫ్టు తలుపు మీద ఎఱ్ఱని అంకె ఒకటి యని వెలిగెను. ఎవరో వచ్చుచున్నారు. అప్పుడా ధీరుడు, దిక్కుతోచనివాడు చేయు పనియే చేసెను. గొడుగు విప్పి, మునివ్రేళ్ళ మీద లేచి, రెండు చేతులు చాచి, ఆ నల్లని గుడ్డను తన గురువారమునకు అడ్డుపట్టెను.

“ఏంటి మాస్టారూ, లోపల వాన పడుతోందా?”

నీళ్ళ సీసాతో రిసెప్షన్ అక్క వెనుక నిలిచి యుండెను. ఎనిమిదేండ్లుగా ఆ గుమ్మము కాచు మనిషి. ఆమెకు తెలియక చీమ కూడ లిఫ్టు ఎక్కదు. ఆమె గొడుగు అంచు ప్రక్క నుండి తొంగి చూచి, పెదవులు మాత్రము కదుపుచు, పై నుండి క్రింది వరకు చదివెను. లిఫ్టు అంకె రెండు.

“అక్కా,” అనెను అతడు. తనకంటె చిన్నదానిని అక్కా యని పిలుచుట అక్కడ అలవాటు. నేడు మాత్రము నిజమైన అక్కను పిలిచినట్లు పిలిచెను. “ఇది ఎవరికైనా తెలిస్తే నేనింక ఆ పుస్తకం రాయలేనక్కా.”

ఆమె నవ్వలేదు. ఇది నేను ప్రత్యేకముగా చెప్పుచున్నాను, ఏలననగా నవ్వదగినంత సంగతి అక్కడ ఉండెను. అంకె మూడు. ఆమె తాళపుచెవి తీసెను, సొరుగు లాగెను, రిమోటు ఎత్తెను. టీవీ నల్లబడిన క్షణముననే లిఫ్టు తెరుచుకొని, మీటింగుల మేడమును బ్రేకుల ఇంజినీరును దిగిరి.

“టీవీ ఏమైంది?” అనెను మేడమ్.

“పొద్దున్నుంచీ మొండికేసిందండీ. మాస్టారు చూస్తున్నారు,” అనెను అక్క.

“గొడుగేంటి మాస్టారూ?” అనెను ఇంజినీరు.

“ఆరబెడుతున్నానండీ.”

“వాన లేదుగా?”

“అందుకే త్వరగా ఆరుతుంది.”

ఇంజినీరు తల ఊపి పోయెను. శాస్త్రమెరిగినవానికి ఇందులో తప్పు కనబడలేదు.

అందరును తమ కుర్చీలకు చేరిన పిమ్మట, అక్క బల్ల పట్టుకొనగా వీరుడు ఎక్కి, టీవీ నుండి తన పేరును ఊడబెరికి, ఎవరి సొంతమును కాని రిసెప్షన్ ఖాతాను అందు నాటెను. టీవీ మరల వెలిగెను. గురువారము నాలుగున్నర: బూడిదరంగు. బిజీ. అతడు బల్ల మీదనే నిలిచి దీర్ఘముగా ఊపిరి విడిచెను.

“మాస్టారూ,” అనెను అక్క, బల్ల వదలకయే. “ఆ తాళం ఎలా వెయ్యాలో నాకూ చూపిస్తారా? మంగళవారం పన్నెండింటికి.”

ఏమున్నది మంగళవారము పన్నెండింటికి? ఆ ప్రశ్న వీరుని గుండెలో పుట్టి, గొంతు దాక ఎక్కి, నాలుక చివర కాలు మోపెను. ఇది అతని అసలైన యుద్ధము, శ్రోతలారా. బెల్లుల చర్చయును పంటి కుర్చీయును దీని ముందు ఏపాటి? అడుగుటకు ఒక్క క్షణము చాలును, అడిగినచో ఆమె చెప్పియుండును కూడ. అతడు ఆ ప్రశ్నను పట్టుకొని వెనుకకు మ్రింగెను.

“అడుగున చిన్న గడి ఉంటుందక్కా. టిక్కు పెట్టండి, అంతే,” అని చూపెను.

ఆమె టిక్కు పెట్టెను. తాళము పడెను. “అడగనందుకు థాంక్స్ మాస్టారూ,” అని నీళ్ళ సీసా ఎత్తుకొని పోయెను.

ఇక తుది సమరము. నాలుగు గంటల పది నిమిషములు. మీటింగుల మేడమ్ పెన్నును ఖడ్గమువలె పట్టుకొని అతని బల్ల ముందర నిలిచెను.

“మాస్టారూ, బెల్లు సంగతి ఇవాళ తేల్చేద్దామనుకుంటున్నా. మీకు నాలుగున్నరకి బిజీ అని ఉంది. ఏంటది?”

అప్పుడా వీరుడు లోలోపల ఎలుగెత్తి ఇట్లు పలికెను: “ఓ సమావేశసామ్రాజ్ఞీ! నా ఎనిమిది గంటలు నీవి. నా ట్రింగు నీది, నా ట్రింగ్ ట్రింగు నీది. నా పంటిని చూపితిని, నా సొంత పనిని జరిపితిని, పడినవాని భయమును కూడ సభాముఖమున సమర్పించితిని. ఈ ఒక్క గడి మాత్రము నాది. ఇందు నేను పడుదునో లేతునో, నేలకును నాకును నడుమనున్న వ్యవహారము. భూమండలమంతయు తలక్రిందులైనను దీని తలుపు తీయను!”

బయటికి మాత్రము, “బిజీ అండి,” అనెను.

“అంటే?”

“అంటే... బిజీయే అండి.”

టీ యంత్రము ఒకసారి బుస్సుమనెను. వీరుని చూపు దిగలేదు. మేడమ్ అతని ముఖము చూచెను, బల్ల క్రింద సంచి నుండి బయటికి తొంగి చూచుచున్న మోకాలి పట్టీ కొసను చూచెనో లేదో నేను చెప్పను, పిదప తన పుస్తకములో ఒక గీత కొట్టెను.

“సరే అయితే, శుక్రవారం పెడతా.”

జయము! జయము! దుందుభులు మ్రోగలేదు, పూలవాన కురియలేదు. వీరుడు సంచి తీసికొని మెట్లు దిగెను.

మైదానమున టీచరమ్మ అతనికి సైకిలు ఇచ్చుటకు ముందు, మడతలు పడిన ఒక చిన్న పుస్తకము చేతిలో పెట్టెను. “ముందిది చదవండి. ఎవరో గాని చక్కగా రాశాడు.” అతడు అట్టను చూచెను. తన పుస్తకమే.

“కాని ఒక్కచోట దొరికిపోయాడు,” అని ఆమె వ్రేలితో చూపెను. “‘మెల్లగా మొదలుపెట్టండి’ అన్నాడు చూశారా? మెల్లగా పోతేనే పడతారు. మొదటి రెండు తొక్కులూ గట్టిగా తొక్కాలి. ఈ రాసినవాడెవడో జన్మలో సైకిలెక్కి ఉండడు!”

“ఉండడండీ,” అనెను గ్రంథకర్త.

ఆ దినము తొమ్మిదిసార్లు పడెను. చూచినవారు టీచరమ్మయు, ఒక కాకియు. పదవసారి రెండు తొక్కులు గట్టిగా తొక్కి, ముందుకు చూచి, పదునొకండు గజములు నేల తాకక పోయెను. మోకాలు కొట్టుకొనిపోయి, చొక్కా మట్టి పట్టి, ఎవరును చూడనిచోట నిలిచి పెద్దగా నవ్వెను. నలువది యారేండ్ల సిగ్గు ఆ మట్టిలో కొంత రాలిపోయెను.

తక్కిన రెండు గురువారములు కూడ గడి చెక్కుచెదరలేదు. ఆదివారము సవారీలో అందరికంటె వెనుక, మెల్లగా కాక, కూతురి ప్రక్కనే పార్కు చుట్టు తిరిగెను. మలుపు వద్ద ఒకసారి పడెను, అందరి ముందరనే. పాప ఆగి, “పుస్తకం రాసినవాళ్ళు కూడా పడతారా నాన్నా?” అనెను. “రాసినవాడే ఎక్కువ పడతాడు తల్లీ,” అని లేచి మరల ఎక్కెను. సూచనల పుస్తకపు క్రొత్త ముద్రణలో మూడవ పుట మారినది. ఎందుకు మార్చితిరని ఇంజినీరు అడుగగా, చదివినవారొకరు చెప్పిరి అనెను.

సోమవారము గోడ మీది టీవీలో బూడిదరంగు గడులు అయిదు కనబడెను. మంగళవారము పన్నెండింటికి ఒకటి. మీటింగుల మేడమ్ వరుసలోనే, బుధవారము మూడు గంటలకు, మరొకటి. టీ త్రాగుచు అందరును చూచిరి. ఎవరును అడుగలేదు.

క్లాసులు ముగిసినవి గావున మన వీరుడు తన గడిని తుడిచివేయుటకు వ్రేలు చాచెను. చాచి, ఆగెను. తీయలేదు. నేటికిని గురువారము నాలుగున్నర నుండి అయిదున్నర వరకు అతని వరుసలో ఆ బూడిదరంగు చాప పరచియే యున్నది. ఆ గంటలో అతడేమి చేయునో, ఎచ్చటికి పోవునో, ఆకాశమున పోవు సూర్యునకు తెలియును, ఈ కథ చెప్పిన నాకును తెలియును. అక్క మంగళవారమును, మేడమ్ బుధవారమును కూడ నాకు తెలియును.

చెప్పను. ఈ కథ వినినవారి గడులు చల్లగా ఉండుగాక.